కోత పండుగకిచ్చిన కుక్కపిల్ల

జయశీలను ఆ చుట్టుపక్కల పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళకు జయమ్మ, ఆమె చేతుల్లో పుట్టి మీసాలొచ్చిన వాళ్ళకు జయమ్మత్త. గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే ఏ బస్సు ఎక్కినా, అందులో ఆమె చేతిమీదుగా భూమ్మీద పడ్డ మనిషి ఒకడైనా ఉంటాడని ఊళ్ళో చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాటే గానీ మరీ అబద్ధం కాదు.

ఆమె నర్సు కాదు, డాక్టరు అసలే కాదు. మిషన్ ఆసుపత్రి పురుళ్ళ వార్డులో ఆయా. బకెట్లు మోయడం, గుడ్డలు ఉతకడం, పురుటి గది కడగడం ఆమె పని. అయితే పుట్టీ పుట్టగానే ఏడవని బిడ్డ ఉంటే మాత్రం నర్సమ్మలు ముందు జయమ్మ ఎక్కడుందో చూసేవారు. ఆమె చీపురు గోడకానించి, చేతులు కడుక్కుని వచ్చేది. బిడ్డను బోర్లించి వీపు రుద్దేది. ముక్కూ నోరూ కలిపి తన నోటితో మూసి, అడ్డుపడ్డ ఉమ్మనీటిని పీల్చి పక్కకు ఉమ్మేసేది. తర్వాత బుగ్గల్లో పట్టినంత గాలి, అంతకు మించి రవ్వంత కూడా కాదు, మెల్లగా ఊదేది. చాలామంది కేరుమన్నారు. ఆ పని చేసే మిషను వచ్చాక కూడా, కరెంటు పోయినప్పుడు జయమ్మే మిషను. అట్లా నోరు పెట్టొద్దని పెద్ద డాక్టరమ్మ కోప్పడితే ఆమె నవ్వేసి, "అప్పుడే పుట్టిన బిడ్డ కాడ రోగమేముంటాదమ్మా!" అనేది. ఆ మాటకు డాక్టరమ్మకూ నవ్వొచ్చేది. నవ్వకుండా గట్టిగా తిట్టి ఉండాల్సిందని ఇప్పుడు మనం అనుకుని ఏం లాభం?

ఆసుపత్రి నడవలేక మూతపడింది. జయశీల ఇంట్లో కూర్చుంది. ఇంట్లో కూతురు ఏంజెలిన్, అల్లుడు లాజరస్. లాజరస్ శ్రీహరికోటలో కాంట్రాక్టు కింద తోటపనికి పోతాడు; నెమ్మదస్తుడు, అత్తగారింట్లో ఉంటున్నానన్న నామోషీ లేనివాడు. పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా వాళ్ళకు పిల్లల్లేరు. ఊరందరి బిడ్డలకూ ఊపిరి పోసిన మనిషి ఇంట్లో ఉయ్యాల కట్టే యోగం రాలేదు. ఏంజెలిన్ ఈ మాట పైకి అనేది కాదు. ఎవరి ఇంట్లోనైనా పురుడు అని తల్లి బయల్దేరుతుంటే మాత్రం ఏదో ఒక పని పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఇట్లా ఉండగా ఒకరోజు పెంచలకృష్ణ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఊరి చివర నిమ్మతోట అతనిది. ఒకప్పుడు రొయ్యల గుంటలు చేసేవాడు. పరీక్ష చేయించని రొయ్యపిల్లల సీడు ఎక్కడి నుంచో తెచ్చి గుంటల్లో వదిలితే తెల్లమచ్చ తెగులు తగులుకుని, రొయ్యలన్నీ రాత్రికి రాత్రి చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. పక్కవాళ్ళ గుంటలకూ అదే గతి పట్టింది. అప్పటినుంచి ఆ వ్యాపారానికి దండం పెట్టి కుక్కల్లో దిగాడు. గుంటలకు కాపలా కావాలి కదా, సముద్రపు ఒడ్డు పొడుగునా రొయ్యల రైతులు పెద్ద పెద్ద జాతి కుక్కల కోసం ఎగబడుతున్నారు. నిమ్మచెట్ల మధ్య రేకుల షెడ్డు వేసి పిల్లలు పెట్టించి అమ్మేవాడు. బయటినుంచి తెచ్చిన సరుకు ఎంత కొంప ముంచుతుందో ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసిన పాఠం పక్క బడిలో పనికిరాదనుకున్నాడేమో మరి.

"జయమ్మక్కా, కుక్క ఈనలేక సచ్చిపోతా ఉండాది. ఒక్కసారి వచ్చి చూడక్కా!"

"ఏందబ్బయా, నేను మనుషులకు పురుడు పోసినదాన్నిరా, కుక్కలకు గాదు."

"కడుపు కడుపే గదక్కా!"

ఆ మాట జయశీలకు నచ్చింది. వెళ్ళింది. అడ్డం తిరిగిన పిల్లను వేలితో సవరించి బయటికి తీసింది. కదలకుండా ఉన్న ఇంకో పిల్లను అరచేతిలో పెట్టుకుని, ఆలోచించనైనా ఆలోచించకుండా, ఆ వేలెడంత మూతిని నోట్లో పెట్టుకుని పీల్చి ఊదింది. అది కుయ్యిమంది. పెంచలకృష్ణ దణ్ణం పెట్టేశాడు. ఆ రోజు నుంచి షెడ్డులో ఏ కుక్క నొప్పులు పడ్డా జయమ్మే. ఇంట్లో ముభావంగా కూర్చునే మనిషి మళ్ళీ పొద్దున్నే తలదువ్వుకుని బయల్దేరడం చూసి ఏంజెలిన్ సంతోషపడింది. "మా అమ్మకు ప్రమోషనొచ్చింది" అని ఎగతాళి చేసేది.

ఏంజెలిన్‌కు నెల తప్పింది కూడా ఆ రోజుల్లోనే. జయశీల ఆ సంగతి నిర్ధారణయ్యేవరకు ఎవరికీ చెప్పలేదు. నిర్ధారణయ్యాక చర్చికి వెళ్ళి, బెంచీల మధ్య నేలమీద మోకాళ్ళూని చాలాసేపు లేవలేదు. మోకాళ్ళ నొప్పి వల్ల లేవలేకపోయానని తర్వాత సాకు చెప్పింది గానీ ఆమె ఏడుస్తోందని పక్కన ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ బిడ్డ క్షేమంగా భూమ్మీద పడడం తప్ప ఆమెకిక ఈ లోకంలో కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే కింగ్ వచ్చాడు. కింగ్ అంటే పెంచలకృష్ణ తెప్పించిన విదేశీ మగకుక్క. నల్లటి ఒళ్ళు, గోధుమరంగు కాళ్ళు, నిలబడితే దూడంత. ఏ దేశం నుంచి వచ్చిందంటే, ఆ పేరు పెంచలకృష్ణకే సరిగ్గా నోరు తిరగదు; అడిగిన వాడికల్లా ఒక్కో రకంగా చెప్పేవాడు. అమ్మకాల కోసం బయటి దేశాల కుక్కల్ని తెప్పించడానికి అనుమతి అంత తేలిగ్గా దొరకదు. అందుకని విదేశం నుంచి ఇల్లు మార్చుకుని వస్తున్న ఎవరో కుటుంబం, అది తమ పెంపుడు కుక్కేనని చెప్పి వెంట తెచ్చింది. ఆ కుటుంబం కింగ్ మొహం చూసింది విమానం ఎక్కే రోజేనని పెంచలకృష్ణే పకపకా నవ్వుతూ చెప్పాడు. వినేవాళ్ళూ నవ్వారు. అతని తెలివికి అందరూ ముచ్చటపడ్డారు.

ముచ్చటపడనిది పశువుల డాక్టరు ఉషారాణి ఒక్కతే. సూదులు వేయడానికి వచ్చి, కింగ్‌ను చూసి, మొహం చిట్లించింది.

"ఇది పుట్టిన చోట ఏ జబ్బులుండాయో మనకు తెలీదు పెంచలకృష్ణా. కొన్నాళ్ళు దూరంగా కట్టెయ్యి. రక్తం తీసి పై ల్యాబుకు పంపిద్దాం. అది తేలేదాకా ఆడకుక్కల కాడికి వదలబాక."

"సూదులన్నీ అక్కడే అయిపోయినాయంట మేడం. ఒళ్ళు చూడండి, ఎట్టా మెరస్తా ఉండాదో!"

"సూది లేని జబ్బులూ ఉంటాయి. ఒళ్ళు మెరస్తానే ఉంటాది, లోపల ఉండేది ఉంటాది."

అట్లాగే మేడం అన్నాడు పెంచలకృష్ణ. అన్నవాడు చేయలేదు. కింగ్ పిల్లల కోసం రొయ్యల రైతులు అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఉషారాణి మళ్ళీ వచ్చి రక్తం తీయాలనుకుంది. ఆమె చేతికింద ఉన్న ఊళ్ళు చాలా, గేదెలకు గాలికుంటు టీకాల కాలం, రాలేకపోయింది. కింగ్‌ను షెడ్డులోని ఆడకుక్కలతోనే కాదు, ఒడ్డు వెంబడి ఉన్న గుంటల మీది కుక్కలతో కూడా జత కట్టించారు. జీపులో ముందు సీట్లో కూర్చుని పెళ్ళికొడుకులా ఊరూరూ తిరిగింది అది.

మొదట బ్యూటీ అనే కుక్క ఈసుకుపోయింది. ఇంకా కొన్ని రోజులుండగానే, వెంట్రుకలైనా సరిగ్గా రాని పిల్లలు చచ్చి పడ్డాయి. జయశీల వాటిని వట్టి చేతులతో ఏరి, పాత చీర ముక్కలో చుట్టి, నిమ్మచెట్టు కింద పూడ్చింది. షెడ్డు కడిగింది. పురుటి గదులు కడిగిన చేతులకు ఈ నెత్తురొక లెక్కా? పెంచలకృష్ణ మొహం మాడ్చుకుని, దిష్టి తగిలిందని షెడ్డు గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. ఉషారాణికి చెప్పలేదు. చెబితే, కట్టెయ్యమన్న కుక్కను ఎందుకు వదిలావని మొదటి మాట అదే అడుగుతుందని అతనికి తెలుసు.

తర్వాత డైసీ ఈనింది. అన్నీ చచ్చిన పిల్లలే. ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, జయశీల ఒక్కోదాన్నీ రుద్ది, పీల్చి, ఊది, పక్కన పెడుతోంది. పెంచలకృష్ణ గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుండిపోయాడు. చివరిది వచ్చింది. అదీ కదల్లేదు. ఆమె దాని మూతి నోట్లోకి తీసుకుంది.

"అక్కా, మీ దేవుడికి మొక్కుకోక్కా" అన్నాడు పెంచలకృష్ణ. "ఈ ఒక్కటి బతికితే మీ గుడికే ఇచ్చేస్తా. నా చేతుల్తో నేను అమ్ముకోను."

జయశీల నోరు ఖాళీ లేదు కాబట్టి మనసులోనే మొక్కుకుంది. రుద్దింది, ఊదింది, మళ్ళీ రుద్దింది. ఇంకొకరైతే ఎప్పుడో వదిలేసేవారు. ఆమె చేతికి వదలడం రాదు. చాలాసేపటికి పిల్ల మూతి తెరిచి గాలి మింగింది. పెంచలకృష్ణ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడు చెడ్డవాడు కాదని ఈ కథలో ఎక్కడో ఒకచోట చెప్పాలి, ఇక్కడే చెప్పేస్తున్నాను.

డైసీకి పాలు పడలేదు. పిల్లను జయశీల ఇంటికి తెచ్చింది. కూతురు బిడ్డ కోసమని ముందుగానే కొని దాచిన పాలసీసా తీసింది. పిల్లకు బెన్నీ అని పేరు పెట్టింది ఏంజెలిన్. మొదటి నెలల వాంతులతో మంచం దిగని మనిషి, దీని కోసం లేచి కూర్చుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలు పట్టేది. తాగి తాగి అది ఆమె పొట్ట మీదే నిద్రపోయేది. కళ్ళు తెరిచాక ఆమె గడ్డం, మూతి నాకేది. ఒళ్ళో ఉచ్చ పోస్తే ఏంజెలిన్ చీర కొంగుతోనే తుడిచేసేది. "నీకంటే ముందొచ్చినాడు, అన్నయ్య అని పిలవాల" అని పొట్టలోని బిడ్డకు చెప్పేది. జయశీల చూసి మురిసిపోయేది. బిడ్డను ఎత్తుకోవడం కూతురికి ఇట్లా అలవాటవుతోందని ఆమె సంబరం.

కోత పండుగ వచ్చింది. వాళ్ళ చర్చిలో ఏటా జరిగే వేడుక. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు: కొత్త వడ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయల బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ఆ వేలంలో ఒక పద్ధతుంది. పాడుకున్నవాడు వస్తువును ఇంటికి తీసుకుపోడు. దేవుడికే అని తిరిగి ఇచ్చేస్తాడు. మళ్ళీ పాట. ఇంకొకడు పాడతాడు, వాడూ ఇచ్చేస్తాడు. ఒక్క కోడిపెట్ట పదిమంది చేతులు మారి, సాయంత్రానికి సొమ్మసిల్లి ఎవరింటికో చేరుతుంది. ఆ ఏడు పెంచలకృష్ణ తెల్లచొక్కా తొడుక్కుని మొదటిసారి చర్చి మెట్లెక్కి, మొక్కు ప్రకారం బెన్నీని పాస్టరుగారి చేతుల్లో పెట్టాడు. పాస్టరుగారు దాని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు.

వేలం వేసేది సంఘపెద్ద గిద్యోను. నోరున్న మనిషి. "చచ్చి బతికిన పిల్ల! జయమ్మ ఊపిరి పోసిన పిల్ల! ఎవరికి రాసిపెట్టుందో!" అని బెన్నీని ఎత్తి చూపించాడు. ఆ రోజు దానికున్నంత గిరాకీ దేనికీ లేదు. పాడినవాడల్లా కాసేపు ఒళ్ళో పెట్టుకుని, పిల్లల చేత ముద్దులు పెట్టించి, తిరిగి ఇచ్చేశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపుకూ, బాలింతల ఒళ్ళోంచి ముసలమ్మల ఒళ్ళోకీ తిరిగింది. ఎవరి ఒళ్ళోకి పోతే వాళ్ళ బట్టలు తడిపింది. "దీవెన, దీవెన! ఎవరూ కడుక్కోబాకండి!" అని గిద్యోను కేక వేస్తే చర్చి చర్చంతా నవ్వింది. ఆఖరి పాట లాజరస్‌ది. అంతవరకు నోరెత్తనివాడు లేచి పాడాడు. బెన్నీ లేకుండా ఏంజెలిన్ ఉండలేదని అతనికి తెలుసు. ఈసారి ఎవరూ పోటీ పడలేదు. భార్య ఒళ్ళో పిల్లను పెట్టి సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

జయశీలకు జ్వరం మొదలైంది పండుగ తర్వాతే. పొద్దంతా బాగానే ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. దుప్పటి తడిసేంత చెమట. నడుము, మోకాళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పులు. తగ్గిందనుకుంటే మళ్ళీ వచ్చేది. మలేరియా కాదన్నారు. టైఫాయిడ్ కావచ్చని మందులిచ్చారు. ముసలితనమని ఆమే సర్దిచెప్పుకుంది. వేడి నీళ్ళతో కాపడం పెడుతూ ఏంజెలిన్ కసురుకునేది: "కుక్కల కానుపులింక చాలించమ్మా, నా కానుపుకు నువ్వు లేచి నిలబడాల."

ఉషారాణి ఒక ఉదయం నేరుగా ఇంటికే వచ్చింది. ఒడ్డు మీది గుంటల దగ్గర కూడా కుక్కలు ఈసుకుపోతున్నాయని ఎవరో ఫోన్ చేశారు. ఆమె వెళ్ళి, రక్తాలు తీసి, పెంచలకృష్ణ షెడ్డువీ కలిపి పైకి పంపించింది. జవాబు వచ్చింది. జయశీల వాకిట్లో మంచం మీద ఉంది. పక్కనే అరుగు మీద ఏంజెలిన్, ఒళ్ళో బెన్నీ. ఉషారాణి ఆ ఒళ్ళో పిల్లనూ ఆ పొట్టనూ చూసి నిలబడిపోయింది. ఏ నెల అని అడిగింది. ఏడో నెల వస్తోందని జయశీల చెప్పింది.

"పాపా, ముందు దాన్ని కిందికి దించమ్మా" అంది ఉషారాణి.

తర్వాత కుర్చీ లాక్కుని చెప్పింది. గేదెలు ఈసుకుపోతాయే, ఆ జాతి జబ్బే ఇది, కుక్కలకు వచ్చే రకం. బ్రూసెల్లా అంటారు. ఇక్కడి కుక్కల్లో ఇంతకుముందు ఆమె చూడలేదు. కింగ్‌తో వచ్చింది. కింగ్‌కు ఉంది, డైసీకి ఉంది, కింగ్ జత కట్టిన ప్రతి చోటా ఉంది. కుక్క పైకి బాగానే కనిపిస్తుంది, మందులేసినా పూర్తిగా పోదు, బతికినంతకాలం లోపల దాగి ఉంటుంది. ఉచ్చలో, ఈనినప్పుడు పోయే నీళ్ళలో, మావిలో బయటికొస్తుంది. మనుషులకూ అంటుకుంటుంది.

"షెడ్డులో చేతులకు తొడుగులేసుకునేదానివా జయమ్మా?"

జయశీల తల అడ్డంగా ఊపింది.

"పిల్లలకు ఊపిరెట్టా ఆడించేదానివి?"

ఏంజెలిన్ చెప్పింది: "నోటితో మేడం. మా అమ్మ ఎప్పుడూ నోటితోనే."

ఉషారాణి కళ్ళు మూసుకుని తెరిచింది. జయశీల తన జ్వరం గురించి అడగలేదు. అడిగింది ఒక్కటే మాట: "కడుపులో బిడ్డకు?"

"కొందరికి ఏమీ కాదు జయమ్మా. కొందరికి కడుపు నిలవదు. రేపే నెల్లూరు పోండి. ఆలస్యం చేయబాకండి."

బెన్నీని ఆమె వెంట తీసుకుపోవాల్సి వచ్చింది. దాన్ని ఏం చేస్తారో ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైంది. ఏంజెలిన్ ముట్టుకోలేదు. జీపు కదిలేవరకు అది వెనక్కి తిరిగి ఆమె వైపే చూస్తూ కుయ్యికుయ్యిమంది. ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, చూడకుండా కూర్చుంది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరు మంచివాడే. మామూలుగా చేసే రక్తపరీక్షకు ఈ కుక్కల రకం దొరకదని, దూరం పంపాలని, జవాబుకు టైము పడుతుందని చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోగల మందులు కొన్నే ఉన్నాయి, అవి ఇచ్చాడు. జయశీలకు వేరే మందులిచ్చాడు, వారాల తరబడి వేసుకోవాలన్నాడు. ఇంటికొచ్చి వాళ్ళు ఎదురుచూశారు. వేరే ఏం చేయగలరు? బిడ్డ కదిలిందా అని జయశీల అడిగేది. కదిలిందని ఏంజెలిన్ చెప్పేది. మళ్ళీ కాసేపటికి అడిగేది. కూతురి కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. పక్క గదిలో పడుకుంది. కూతురికి తల దువ్వడం కూడా మానేసింది. ఎప్పుడో అంటుకుని ఉంటే ఇప్పుడు దూరం జరిగి ఏం లాభమని ఆమెకు తెలియకపోలేదు. ఊరికే ఉండడం కంటే నయమని చేసింది.

ఊళ్ళో ఈలోపు సంగతి పాకింది. కోత పండుగనాడు బెన్నీని ముద్దాడినవాళ్ళందరూ లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఇంకో ఇద్దరు ముగ్గురికి అదే రకం జ్వరం వచ్చింది. చర్చిలో జయశీల కూర్చున్న బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదు. గిద్యోను మాత్రం ఎదురుగా వచ్చి, "నీ తప్పేముందిలే జయమ్మా" అన్నాడు, చెయ్యి కలపకుండా. షెడ్డు కుక్కల్ని నిద్రమందిచ్చి చంపారు. కింగ్ మాత్రం ఆ రోజుకు షెడ్డులో లేదు. ఎవరో వచ్చి కొనుక్కుపోయారని పెంచలకృష్ణ చెప్పాడు. ఎవరు, ఏ ఊరు అని ఉషారాణి ఎంత గద్దించినా, ఒంగోలు వైపు అన్నాడు, కాదు చెన్నై వైపు అన్నాడు, తలొంచుకున్నాడు. ఈ పాటికి అది ఏ తోటలోనో మెరుస్తూ నిలబడి ఉంటుంది, చూసినవాళ్ళు ముచ్చటపడుతూ ఉంటారు. ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది, మండి చేసేదేం లేదు.

ఒకరోజు ఏంజెలిన్ బిడ్డ కదిలిందని చెప్పలేదు. జయశీల మళ్ళీ అడిగింది. ఏంజెలిన్ గోడను చూస్తూ, "పొద్దున్నుంచి లేదమ్మా" అంది. కారు మాట్లాడుకుని నెల్లూరు వెళ్ళారు. దారి పొడుగునా జయశీల కూతురి పొట్ట మీద చెయ్యి ఉంచింది, అన్ని రోజులుగా ముట్టుకోనిది. ఆ చేతికి ఎన్నో పొట్టలు తెలుసు. గూడూరు దాటకముందే దానికి సంగతి తెలిసిపోయింది. లాజరస్ అడిగితే, "పోనియ్యమను నాయనా, తొందరగా పోనియ్యమను" అని మాత్రం అంది.

స్కానింగులో గుండె చప్పుడు లేదు. నొప్పులు తెప్పించి తీశారు. మగబిడ్డ. తెల్లగుడ్డలో చుట్టి నర్సు బయటికి తెచ్చి చూపించింది. జయశీల చేతులు చాచి తీసుకుంది. అలవాటు చొప్పున బోర్లించింది. వీపు మీద అరచెయ్యి పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. లాజరస్ ఆమె భుజాలు పట్టుకుని, "అత్తా, లేదత్తా, లేదు" అంటూ బిడ్డను తీసుకున్నాడు. దూరం పంపిన పరీక్ష జవాబు ఆ తర్వాత వచ్చింది, ఏంజెలిన్‌కూ ఆ జబ్బు ఉందని. బిడ్డ పోయింది దానివల్లేనా అంటే, నూటికి నూరుపాళ్ళు చెప్పలేమని డాక్టరు అన్నాడు. మందులు పూర్తిగా వాడాక, ఇంకా వయసుంది, చూద్దామన్నాడు. ఆ చూద్దామన్న మాట ఎట్లాంటిదో ఆసుపత్రిలో బతికిన జయశీలకు బాగా తెలుసు.

ఇంటికి తెచ్చాక ఏంజెలిన్ పెద్దగా ఏడవలేదు. పాలు కట్టి రొమ్ములు సలుపుతుంటే తల్లి చేత గుడ్డ బిగించి కట్టించుకుంది. ఎవరో పంపిన పెరుగన్నం తింది. ఒక మధ్యాహ్నం జయశీల మంచం పక్కన నేలమీద కూర్చుని కూతురి కాళ్ళు పిసుకుతోంది. జ్వరం ఇంకా పూర్తిగా పోలేదు, చేతుల్లో బలం లేదు. ఏంజెలిన్ పైకి చూస్తూ పడుకుని ఉంది.

"అమ్మా, ఆ కుక్కపిల్ల పుట్టినప్పుడు ఊపిరి తీయలేదన్నావే."

"తీయలేదు పాపా."

"అట్టనే వదిలేసుంటే పోయుండేది గదా."

జయశీల చేతులు ఆగాయి. "దాని ఒంట్లో ఏముందో నాకు తెలీదు గదా పాపా."

ఏంజెలిన్ తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"తెలిసుంటే వదిలేసేదానివా?"

వదిలేసేదాన్ని బిడ్డా అని ఒక్క మాట అంటే చాలు. కూతురికి ఆ మాట కావాలి, ఆ ఇంట్లో ఇక ఆమె ఇవ్వగలిగింది ఆ మాటొక్కటే. అబద్ధమైనా సరే చెప్పాలని జయశీల నోరు తెరిచింది. అరచేతిలో వెచ్చగా, తడిగా, కదలకుండా ఉన్న పిల్ల బరువు ఆమెకు మళ్ళీ తగిలింది. తెరిచిన నోరు మూసేసింది.

ఏంజెలిన్ కాసేపు చూసింది. తర్వాత కాళ్ళు దగ్గరికి లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది.